సొంతంగా జాకెట్టు ప్యాటర్న్ గీసుకోవాలంటే ఏ ఫార్ములా కరెక్టు?

మీ ప్రశ్న ఇది: చెస్ట్ 37, వీడియోలో చెప్పిన లెక్క ప్రకారం రెండు జాకెట్లు కత్తిరించి కుట్టారు, చెయ్యి ఎత్తితే జాకెట్టంతా పైకి లేస్తోంది, హుక్కుల మధ్య విడిపోతోంది, వెనక మెడ డీప్ పెట్టినందుకు భుజం జారుతోంది. ఒక్కో వీడియోలో ఒక్కో ఫార్ములా, ఇందులో ఏది నమ్మాలి, లేకపోతే ఆది జాకెట్టునే కాగితం మీద పరిచి గీసేసుకోవచ్చా అని.

ముందు ఫార్ములా సంగతి తేల్చేద్దాం. చంక లోతుకి (భుజం నుంచి చంక దాకా నిలువు కొలత) ఒకరు చెస్ట్‌ని 6తో భాగించమంటారు. ఇంకొకరు 8తో భాగించి ఒకటిన్నర కలపమంటారు. చెస్ట్ 36 అయితే రెండిట్లోనూ వచ్చేది 6 అంగుళాలే. 42కి ఒకదాంట్లో 7, ఇంకోదాంట్లో 6¾. 30కి ఒకదాంట్లో 5, ఇంకోదాంట్లో 5¼. అంటే ఇంత వాదన జరిగేది పావు అంగుళం కోసం. ఆ పావు అంగుళం వల్ల మీ జాకెట్టు చెడలేదు. ఏ ఫార్ములా అయినా ఒక సగటు ఒంటికి రాసుకున్న లెక్కే, అది ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. ఆ గీతని కోరా గుడ్డ మీద కత్తిరించి, ఒంటి మీద వేసుకుని, తేడా ఎక్కడుందో చూసి మళ్లీ కాగితం మీద దిద్దాకే దాన్ని మీ ప్యాటర్న్ అనాలి. వీడియోల్లో ఈ భాగం ఉండదు, ఎందుకంటే అది చూడటానికి బోరు.

ఆది జాకెట్టు గురించి నా అభిప్రాయం కొంచెం గట్టిగానే చెబుతాను. టైలర్‌కి ఇవ్వడానికి అది బాగానే పనికొస్తుంది, ఎందుకంటే అతను దాన్ని చూసి కొలతలే తీసుకుంటాడు, మిగతాది చేతి అలవాటుతో సర్దేస్తాడు. దాన్నే పరిచి చుట్టూ గీసుకుంటే మాత్రం దాని తప్పులన్నీ మీ కాగితంలోకి వస్తాయి. చాలాసార్లు ఉతికిన జాకెట్టు చంక దగ్గర సాగి ఉంటుంది, ముందు భాగం క్రాస్‌లో (నిలువు పోగుకి ఏటవాలుగా) కత్తిరించినదైతే ఇంకా ఎక్కువ సాగుతుంది, పైగా డాట్లు (ఒంటి ఆకారం కోసం బట్టని మడిచి వేసే కుట్లు) కుట్టేశాక ఆ ముందు భాగం బల్లపరుపుగా పడుకోదు, పడుకోబెట్టడానికి మీరు ఎక్కడో ఒకచోట నొక్కుతారు, ఆ నొక్కినచోటే కొలత పోతుంది. పొడవు, చేతి లూజు, మెడ లోతు లాంటి నాలుగు కొలతలు దాన్నుంచి తీసుకోండి చాలు.

ఇక కొలతలు. ఎవరికి వారు తీసుకుంటే కుదరదు, చెయ్యి ఎత్తగానే భుజం కదులుతుంది, ఇంట్లో ఇంకొకరి సాయం తీసుకోండి. ఆ జాకెట్టు లోపల ఏ బ్రా వేసుకుంటారో అదే వేసుకుని కొలిపించుకోండి, బ్రా మారితే చెస్ట్ పాయింటు, అంటే రొమ్ము మొన ఉండేచోటు, మారుతుంది. చాలామంది ఒక్క చెస్ట్ కొలతే తీసుకుంటారు, సగం గొడవ అక్కడే మొదలవుతుంది. మూడు కావాలి: చంకల కిందుగా, రొమ్ము పైన పట్టిన పై చెస్ట్, నిండుగా ఉన్నచోట నేలకి సమాంతరంగా పట్టిన ఫుల్ చెస్ట్, రొమ్ము కింద చుట్టు. వీటితో పాటు మెడ-భుజం కలిసేచోటు నుంచి చెస్ట్ పాయింటు దాకా ఎంత, రెండు పాయింట్ల మధ్య దూరం ఎంత, అదే మెడ దగ్గర నుంచి పాయింటు మీదుగా జాకెట్టు కింది అంచు దాకా ముందు పొడవు ఎంత, వెనక పొడవు విడిగా ఎంత. వెనక వైపు నుంచి ఎముక నుంచి ఎముక దాకా భుజం. భుజం కొన మీదుగా చంక చుట్టు. మోచెయ్యి మడిచి దండ (పై చెయ్యి) చుట్టు, మడవకుండా తీసుకుంటే ఆ తర్వాత గిన్నె దించేటప్పుడు చెయ్యి బిగుస్తుంది.

మీ ఫుల్ చెస్ట్ 37 అని రాశారు, పై చెస్ట్ రాయలేదు. 34 అనుకుని లెక్క చూపిస్తాను, మీది మీరు కొలిచి వేసుకోండి. వీడియోల్లో మామూలుగా 37కి లూజు ఒకటిన్నర కలిపి, 38½ని నాలుగుతో భాగించి, సుమారు 9⅝ ముందుకీ వెనక్కీ ఒకే వెడల్పు పెట్టేస్తారు. కానీ మీ వీపు 34 మనిషి వీపు, రొమ్ము దగ్గర మాత్రమే మీరు 37. కాబట్టి వెనక భాగాన్ని పై చెస్ట్‌తో గీయాలి: 34ని నాలుగుతో భాగిస్తే 8½, లూజుకి అర కలిపితే 9. మొత్తం 38½లో సగం 19¼, అందులో వెనక 9 పోతే ముందుకి 10¼. ఇప్పుడు పోల్చి చూడండి. సమానంగా పంచిన జాకెట్టులో వీపు మొత్తం మీద అంగుళంపావు ఎక్కువ, ముందు సరిగ్గా అంతే తక్కువ. హుక్కుల మధ్య విడిపోయేది ఆ అంగుళంపావు లేకనే, వీపు మీద మెడ వదులై భుజం జారడంలో కూడా దానికి వాటా ఉంది. సైడు కుట్టు చూసుకోండి, అది చంక కింద నిటారుగా దిగకుండా ముందుకి లాక్కుపోయి ఉంటే నేను చెప్పింది మీకు నూటికి నూరు వర్తిస్తుంది.

పై చెస్ట్‌కీ ఫుల్ చెస్ట్‌కీ మధ్య ఉన్న ఈ తేడానే డాట్లలోకి వెళ్లాలి. తేడా ఒక అంగుళం ఉన్నవాళ్లకీ నాలుగు ఉన్నవాళ్లకీ ఒకే డాటు లోతు చెప్పే వీడియో కనిపిస్తే అక్కడే ఆపేయండి. మన నాలుగు డాట్ల జాకెట్టులో కింద, సైడులో, చంకలో, హుక్ పట్టీ వైపు ఒక్కోటి ఉంటాయి, నాలుగూ చెస్ట్ పాయింటు వైపే చూడాలి గానీ పాయింటుని తాకకూడదు, ముప్పావు నుంచి అంగుళం ముందే ఆగిపోవాలి. తాకితే అక్కడ మొన తేలి అసహ్యంగా ఉంటుంది. తేడా ఎక్కువ ఉన్నవాళ్లు ఒక్క డాటునే లోతుగా పెట్టకుండా నాలుగింటికీ పంచాలి, అంతకీ కుదరకపోతే ప్రిన్సెస్ కట్‌కి వెళ్లాలి. ప్రిన్సెస్ కట్ అంటే కొత్తగా నేర్చుకోవాల్సిన విద్యేం లేదు, చంక డాటునీ కింది డాటునీ పాయింటు మీదుగా ఒక గీతగా కలిపి అక్కడ కాగితాన్ని రెండు ముక్కలు చేయడమే. కటోరీ (రొమ్ము దగ్గర గిన్నెలా విడి ముక్క పెట్టే మోడల్) కూడా ఈ ముందు కాగితంలోంచే పుడుతుంది. అందుకే ముందు మామూలు డాట్ల కాగితం ఒకటి కుదుర్చుకోమని అందరికీ చెబుతాను, మోడళ్లు తర్వాత.

చంక దగ్గర మాత్రం కాస్త ఆగి చదవండి, మీ మొదటి బాధ అక్కడిదే. చెయ్యి ఎత్తితే జాకెట్టు లేస్తోందంటే చాలామంది చంక బిగుతుగా ఉందనుకుని ఇంకాస్త కిందకి కత్తిరిస్తారు. దాంతో ఇంకా ఎక్కువ లేస్తుంది. చంక ఎంత కిందకి ఉంటే చేతికీ ఒంటికీ మధ్య అంత బట్ట తగులుకుంటుంది, చెయ్యి పైకి పోతే అది పక్కనంతా లాక్కుపోతుంది. చంక గీత ఒంటికి దగ్గరగా, పైన ఉంటేనే చెయ్యి స్వేచ్ఛగా తిరుగుతుంది. కాబట్టి ఫార్ములాతో వచ్చిన లోతు గీసుకున్నాక, టేపుని నిలువుగా అంచు మీద నిలబెట్టి వంపు వెంట నడిపించి ముందు చంక, వెనక చంక రెండూ కొలిచి కలపండి. మీ చంక చుట్టు 16 అయితే ఆ రెండూ కలిపి 16, మహా అయితే అర అంగుళం ఎక్కువ. కొలవాల్సింది కుట్టు గీత మీద, కత్తిరించే గీత మీద కాదు, అక్కడ చంక డాటు ఉంటే దాన్ని మూసి కొలవాలి. ఎక్కువొస్తే లోతు తగ్గించండి, తక్కువొస్తే పెంచండి. ముందు చంక వెనక దానికంటే అర అంగుళం లోపలికి తవ్వినట్టు ఉండాలి, రెండూ ఒకే వంపు పెడితే ముందు చంక దగ్గర మడతలు గుంపు కడతాయి.

దాని తర్వాత చెయ్యి. చేతి పై వంపు ఎత్తుగా ఉంటే చెయ్యి కిందకి వేలాడేసినప్పుడు నీటుగా ఒక్క మడత లేకుండా ఉంటుంది, ఫొటోలో బాగుంటుంది, పని చేసుకోవడానికి బాగోదు. వంపు ఎత్తు తగ్గిస్తే చెయ్యి వెడల్పవుతుంది, కొన్ని మడతలు పడతాయి, కానీ బస్సులో పై కడ్డీ పట్టుకోవచ్చు. పెళ్లికి వేసే పట్టు జాకెట్టుకీ రోజూ ఆఫీసుకి వేసే నూలు జాకెట్టుకీ రెండు చేతి కాగితాలు పెట్టుకోండి, ఒంటి కాగితం ఒకటే. వంపు మొత్తం పొడవు చంక చుట్టుకంటే అర అంగుళం ఎక్కువ ఉంటే నూలుకి సరిపోతుంది, అంగుళం దాటితే భుజం మీద ముడుచుకుపోతుంది (బుట్ట చేతులు పెట్టేవాళ్ల లెక్క వేరు). దండ దగ్గర వెడల్పు కనీసం దండ చుట్టు కంటే అంగుళం ఎక్కువ.

కాగితం ఏదైనా పర్వాలేదు, ఖాకీ కాగితం నాకిష్టం. న్యూస్‌పేపర్ మీద గీసుకోవచ్చు గానీ లేత రంగు పట్టు మీద పరిస్తే సిరా అంటుతుంది. కుట్టు గీత ఒక రంగులో, మార్జిన్ (కుట్టుకి బయట వదిలే బట్ట) వేరే రంగులో గీయండి, రెండూ ఒకే గీతగా ఉంటే తర్వాత దిద్దేటప్పుడు ఏది ఏదో తెలియదు. మార్జిన్ మెడకి పావు, చంకకీ భుజానికీ అర, సైడుకి ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు. సైడుకి అంత ఎందుకంటే మన ఇళ్లలో జాకెట్టు ఏళ్ల తరబడి వేసుకుంటాం, ఒళ్లు చేస్తే విప్పుకోవాలి కదా. కాగితం మీద పేరు, తేదీ, నిలువు పోగు ఎటో బాణం గుర్తు, ముందు-వెనక గాట్లు పెట్టుకోండి. ముందు భాగాన్ని క్రాస్‌లో వేస్తారా నిలువుగా వేస్తారా అన్నది కూడా రాసుకోండి. క్రాస్‌లో బట్ట సాగి ఒంటికి అతుక్కుంటుంది కాబట్టి అలా కుదుర్చుకున్న కాగితాన్నే నిలువు పోగు మీద పెట్టి కత్తిరిస్తే టైటైపోతుంది. క్రాస్‌కి బట్ట కూడా ఎక్కువ కావాలి, చీరతో వచ్చే 80 సెంటీమీటర్ల ముక్కలో చేతులు పొడుగు పెట్టి క్రాస్ కూడా వేయాలంటే కొందరికి సరిపోదు, కత్తెర పెట్టే ముందే కాగితాలన్నీ పరిచి చూసుకోండి.

కోరా గుడ్డ ట్రయల్ గురించి. కోరా లేకపోతే పాత నూలు దుప్పటి తీసుకోండి, బాగా మెత్తబడిన పాత చీర మాత్రం వద్దు, అది ఎటు లాగితే అటు పోతుంది. కొత్తదైతే తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. పెద్ద కుట్లతో కుట్టి, ముందు గుండుసూదులతో మూసి, ఒక చెయ్యి మాత్రమే తగిలించి వేసుకోండి. అద్దం ముందు నిలబడి ముడతలు చూడండి, ముడత ఎటు చూపిస్తుందో ఇబ్బంది అటే ఉంటుంది. పాయింటు నుంచి సైడుకీ చంకకీ గీతల్లా లాగుతుంటే ముందు వెడల్పు చాలలేదు. ముందు కింది అంచు పైకి లేచి వెనకది కిందకి ఉంటే ముందు పొడవు చాలలేదు, వెడల్పు ఎంత పెంచినా అది పోదు. మెడ-భుజం దగ్గర నుంచి చంక వైపు వాలుగా మడత పడుతుంటే మీ భుజం కాగితంలో గీసినదానికంటే ఎక్కువ వాలింది, భుజం కొన దగ్గర పావు దించి చంకని కూడా అంతే దించండి. చాలామందికి రెండు భుజాలూ ఒకేలా ఉండవు, ఒక వైపే ఆ మడత ఉంటే రెండు వైపులకీ వేరే కాగితాలు గీసుకోవాల్సిందే, అందులో సిగ్గేం లేదు. ఒకసారికి ఒక్కటే దిద్దండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

ముందు వెడల్పు చాలకపోతే సైడులో కలపకండి, సైడులో కలిపితే చంక పెద్దదవుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. కాగితాన్ని కింది డాటు మధ్య నుంచి పాయింటు దాకా, అక్కడి నుంచి చంక వంపు కింది భాగం దాకా కత్తిరించండి, చంక కుట్టు గీత దగ్గర ఒక పోగంత అతుక్కుని ఉండనివ్వండి. సైడు డాటు మధ్య నుంచి కూడా పాయింటు దాకా కత్తిరించి అక్కడ కొస మాత్రం వదలండి. ఇప్పుడు పాయింటు దగ్గర ముక్కల్ని విడదీయండి, ఎంతంటే మొత్తం తక్కువైనదాంట్లో సగం, ఎందుకంటే మీ కాగితం సగం ఒంటిదే. హుక్కుల దగ్గర అంగుళం చాలకపోతే విడదీయాల్సింది అర అంగుళం. అలా తెరవగానే సైడు డాటు, కింది డాటు వాటంతట అవే పెద్దవవుతాయి, హుక్ పట్టీ వైపు కింది అంచు పొట్టిగా కనిపిస్తుంది, ఆ ముక్కని దించి సమం చేసి వెనక ఇంకో కాగితం అతికించండి. భుజం మారలేదు, చంక మారలేదు, మెడ మారలేదు. ఈ ఒక్క పద్ధతి చేతికొస్తే మీకు ఏ ఫార్ములాతోనూ పెద్దగా పనుండదు.

మెడకి కూడా ఇదే దారి. డీప్ నెక్‌లో మెడ అంచు వదులుగా నిలబడితే ఎంత వదులుందో అక్కడే గుండుసూదితో చిటికెడు పట్టి కొలవండి, మామూలుగా ఒక్కో వైపు పావు నుంచి అర అంగుళం ఉంటుంది. వెనక కాగితంలో మెడ అంచు నుంచి చంక వైపు ఒక గీత గీసి, మెడ దగ్గర అంత మడిచి చంక దగ్గర సున్నాకి వచ్చేలా మూసేయండి, తర్వాత మెడ వంపుని మళ్లీ నున్నగా గీసుకోండి. డోరీలు (వెనక మెడ దగ్గర తాళ్లు) కట్టడం అలంకారానికి బాగుంటుంది, జారే జాకెట్టుకి అది మందు అనుకోకండి. ఇంకోటి, వెనక డీప్, ముందు కూడా డీప్, పైగా భుజం పట్టీ సన్నంగా, మూడూ ఒకే జాకెట్టులో అడిగితే ఏ ప్యాటర్నూ నిలబెట్టలేదు. రెండు ఎంచుకోండి.

కింద కామెంట్లలో ఇంకొకరు అమెరికా నుంచి అడిగారు, అక్కడ దొరికే ప్యాటర్న్ కవర్లు కొని చోళీలా మార్చుకోవచ్చా అని. మార్చుకోవచ్చు. అచ్చు ప్యాటర్న్‌లని సైజుల వారీగా అమ్మడం 1863లో మసాచుసెట్స్‌లో ఎబెనెజర్ బటెరిక్ అనే టైలర్ మొదలుపెట్టాడు. అక్కడి పెద్ద కంపెనీల ప్యాటర్న్‌లు మామూలుగా బీ కప్ లెక్కలో, అంటే పై చెస్ట్‌కీ ఫుల్ చెస్ట్‌కీ రెండంగుళాల తేడాతో గీసినవి. అందుకని కవరు మీది సైజుని పై చెస్ట్‌తో ఎంచుకుని, ముందు భాగాన్ని పైన చెప్పినట్టు తెరుచుకోండి, ఫుల్ చెస్ట్‌తో ఎంచుకుంటే భుజాలు వేలాడతాయి. మార్జిన్ సాధారణంగా చుట్టూ ⅝ అంగుళం కలిపే ఉంటుంది. జర్మనీ వాళ్ల బుర్దా పత్రికలో వచ్చేవాటికి మార్జిన్ ఉండదు, మనమే కలుపుకోవాలి, అది చూసుకోకుండా కత్తెర పెడితే బట్ట పోయినట్టే. లూజు కూడా మన జాకెట్టుకి కావలసినదానికంటే వాటిలో ఎక్కువ ఉంటుంది, కోరా మీద చూసి తగ్గించండి.

ఇంకో మాట, కుట్టు ఇప్పుడిప్పుడే నేర్చుకునేవాళ్లు జాకెట్టుతో మొదలుపెట్టకండి. మనం వేసుకునే బట్టల్లో అంతకంటే కష్టమైన ఫిట్టింగ్ ఇంకోటి లేదు. ఆరు ముక్కల లంగా, నైటీ, ఆ తర్వాత కుర్తీ, వీటితో కాగితం మీద చెయ్యి తిరిగాక జాకెట్టు పట్టుకుంటే టెన్షన్ ఉండదు.

మీరు ఇప్పటికే కుట్టేసిన ఆ రెండు జాకెట్ల గురించి. హుక్కుల దగ్గర విడిపోయేదానికి సైడు మార్జిన్ విప్పితే కొంత లూజు వస్తుంది, కానీ వీపు ఇంకా వదులవుతుంది కాబట్టి మార్జిన్ ముందు ముక్కలోంచి మాత్రమే వదలండి, వెనక ముక్కది పాత గీత మీదే ఉంచి కొత్తగా కుట్టండి. చంక కిందకి పోయినదాన్ని పైకి తేవడం కుదరదు, పోయిన బట్ట రాదు. దానికి చంక కింద నాలుగు కుట్లు కలిసేచోట మూడేసి అంగుళాలు విప్పి, క్రాస్‌లో కత్తిరించిన డైమండ్ ముక్క ఒకటి వేయండి, చెయ్యి ఎత్తినప్పుడు ఒంటి బట్టని లాగకుండా ఆ ముక్క తెరుచుకుంటుంది. జాకెట్టు బట్ట మిగలకపోతే లైనింగ్ గుడ్డదైనా పర్వాలేదు, రంగు కలిస్తే చాలు.